నవ్వే పాటను ఏడిపించకండి

(చెన్నై టి.నగర్‌లో తెలుగువాళ్ళు జరుపుకున్న ఒక సాయంకాలపు సభలో ఒక గాయని చేసిన ప్రసంగం. సినీ నేపథ్య గాయని ఎల్.ఆర్.ఈశ్వరి పాటలతో తాము తయారు చేస్తున్న క్యాబరే ప్రదర్శన గురించి మాట్లాడారు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం.)

నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే. తమ్ముడూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించవా, మైకులో గాలి కొడుతోంది.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ మాస్టారు "క్యాబరే" అనగానే ముందు వరసలో పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూశాను నేను! మీ తప్పేం లేదండీ. మనకి క్యాబరే అంటే ఏంటో సినిమా నేర్పింది. విలన్ హోటల్లో కూర్చుని ఉంటాడు. లైట్లు తిరుగుతుంటాయి. హీరో గడ్డం అతికించుకుని వస్తాడు. సూట్‌కేసు చేతులు మారుతుంది. ఈలోగా ఒకమ్మాయి పాడుతూ ఉంటుంది. కెమెరా ఆ అమ్మాయి మీదే ఉంటుంది కానీ కథ మాత్రం సూట్‌కేసుది. అవునా కాదా?

మా ప్రదర్శనలో సూట్‌కేసు లేదు. ఒక పియానో, ఒక డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం), ఒక బాంగో (జంట చిన్న డప్పులు), నేను. చిన్న హాలు. ఎత్తు స్టేజీ ఉండదు, మీ టేబుళ్ళ మధ్యలోనే నిలబడి పాడతాను. పాటకీ పాటకీ మధ్య కబుర్లు ఉంటాయి. అన్నీ ఈశ్వరిగారి పాటలే, మా పద్ధతిలో.

1881లో పారిస్‌లో, మోన్‌మార్త్ర్ అనే పేటలో, రొడోల్ఫ్ సాలీస్ అనే ఆయన "లె షా న్వార్" అని ఒక చోటు తెరిచాడు. కవులు, బొమ్మలు వేసేవాళ్ళు, పాటగాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. పాట పాడటం, మధ్యలో లోకాన్ని వెక్కిరించడం, నీడబొమ్మల ఆటలు ఆడటం. ఎరిక్ సతీ లాంటి స్వరకర్త అక్కడ పియానో వాయించాడు. తరువాత 1920లలో బెర్లిన్‌లో ఈ వెక్కిరింత ఇంకా పదునెక్కింది, రాజకీయ నాయకుల్ని కూడా వదల్లేదు. మన హరిదాసుగారు కథ మధ్యలో పిట్టకథ వేసి, ఎదురుగా కూర్చున్న ఊరి పెద్దకే చురక అంటించేవారు చూడండి, ఆ తీరన్నమాట. క్యాబరేలో అసలు సరుకు అది. డాన్సు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

మరి సినిమా స్టూడియోలున్న మన కోడంబాకంలో ఏం జరిగింది? ఒక తమాషా చెప్తాను. ఈ మద్రాసు రాష్ట్రంలో 1948 నుంచి 1971 దాకా మద్యనిషేధం. గుర్తుందా పెద్దవాళ్ళకి? తాగాలంటే పర్మిట్ కావాలి. అదే ఊళ్ళో, అవే సంవత్సరాల్లో, స్టూడియో ఫ్లోర్ మీద ఎన్ని బార్లు వేశారో, ఎన్ని సీసాలు పేర్చారో! గ్లాసుల్లో ఉన్నది కలర్ నీళ్ళు. ఆ సెట్లు వేసిన మేస్త్రీల్లో, ఆ పాటలు రాసిన కవుల్లో నైట్‌క్లబ్బు గడప తొక్కినవాళ్ళు ఎంతమంది ఉంటారంటారు? మద్రాసులో లేని ఒక మద్రాసుని అట్టలతో, చెమ్కీలతో కట్టారు. ఆ అట్టల ఊరికి ప్రాణం పోసింది ఏంటి? సెట్టా? లైట్లా? గొంతు. నా మట్టుకు నాకు ముఖ్యంగా ఒక్క గొంతు.

ఈశ్వరిగారు 1939లో ఈ మద్రాసులోనే పుట్టారు. అసలు పేరు లూర్దు మేరీ రాజేశ్వరి. అమ్మగారు సినిమాల్లో కోరస్ పాడేవారు, ఆ వెంటే ఈవిడా వెళ్ళి కోరస్‌లో నిలబడ్డారు. సంగీత దర్శకులు కె.వి.మహదేవన్‌గారు 1958లో సోలో ఇచ్చారు. 1961లో "పాశమలర్"లో "వారాయ్ ఎన్ తోళి" వచ్చింది. పెళ్ళికూతుర్ని మండపానికి పిలిచే పాట. మన పక్కింటి తమిళ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మోగుతుంది కదా, అందులో ఉన్నది ఈవిడ గొంతే. చూడండి మరి, పెళ్ళి పాటతో పేరు తెచ్చుకున్న మనిషిని తీసుకెళ్ళి క్లబ్బులో కూర్చోబెట్టారు. హీరోయిన్‌కి ఒక గొంతు, క్లబ్బులో ఆడే వ్యాంప్‌కి ఒక గొంతు అని గీత గీసుకున్న రోజులవి. గీతకి వ్యాంప్ వైపు పడ్డావిడకి హీరోయిన్ పాటలు తగ్గుతాయి. అవార్డు సభల్లో కుర్చీ వెనక్కి పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ షో అనుకున్నప్పుడు మాకు వచ్చిన మొదటి సలహా ఏంటో తెలుసా? ఒకరు కాదు, అందరూ అదే అన్నారు. "అన్ని పాటలూ స్లో చేసేయండి. ఒక్క పియానో పెట్టండి. ఆ పాటల వెనక ఎంత బాధ ఉందో జనానికి తెలియాలి."

ఎంత బాధ ఉంది? ఎవరు చెప్పారు మీకు?

ఈ ఫ్యాషన్ ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెప్తాను. 1982లో ఇంగ్లండులో టియర్స్ ఫర్ ఫియర్స్ అనే బృందం "మ్యాడ్ వరల్డ్" అని ఒక పాట చేసింది. సింథసైజర్ల మీద, కాలు కదిపే బీట్‌తో ఉంటుంది. దాన్నే ఒక సినిమా కోసం మైకేల్ ఆండ్రూస్, గ్యారీ జూల్స్ కలిసి బాగా నెమ్మది చేసి, పియానో మీద, దాదాపు గుసగుసగా చేశారు. 2003 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో అది నంబర్ వన్. చాలా బాగుంటుంది, కాదనను. ఆ పాట మాటల్లోనే దిగులు ఉంది కాబట్టి బాగుంటుంది. బీట్ తీసేస్తే దిగులు పైకి తేలింది. అంతే. కానీ తరువాత వచ్చినవాళ్ళు ఏం నేర్చుకున్నారు? ఏ పాటనైనా సగం స్పీడు చేస్తే కళ అయిపోతుందని నేర్చుకున్నారు. ఇప్పుడు సబ్బు ప్రకటనలో కూడా ఒకమ్మాయి నీరసంగా పాత హిట్ పాడుతుంటుంది.

నాకు ఇందులో కోపం తెప్పించేది ఇంకొకటుంది. క్లబ్ పాట పాడినావిడని "మర్యాదస్తురాలిని" చేయాలన్న తాపత్రయం. నవ్వితే తక్కువ, ఏడిస్తే ఎక్కువ. అల్లరి చేస్తే చిల్లర, కన్నీళ్ళు పెట్టుకుంటే క్లాసిక్. ఆ రోజుల్లో గీత గీసినవాళ్ళు కూడా ఇదే కదా అన్నది? మనం నివాళి పేరుతో మళ్ళీ అదే గీత గీస్తున్నాం, కాకపోతే పియానోతో గీస్తున్నాం.

సరే, కోపం పక్కన పెడదాం. పని గురించి మాట్లాడుకుందాం. "మసక మసక చీకటిలో" తీసుకోండి. 1973, "దేవుడు చేసిన మనుషులు", రమేష్ నాయుడుగారి సంగీతం. తెలుగు నేలమీద ఈ పాట తెలియనివాళ్ళు ఉండరు. మీరే ఒకసారి నోట్లో అనుకోండి. మ, స, క, మ, స, క. ఆరక్షరాలు. మాస్టారు, మీరు చెప్పండి, ఇందులో గురువు, అంటే సాగే అక్షరం, ఎక్కడుంది? లేదు. అన్నీ లఘువులే, పొట్టి అక్షరాలే. చిటికె వేస్తే అయిపోయే అక్షరాలు. ఇప్పుడు దీన్ని సగం స్పీడు చేయండి. గాయని ఏం చేయాలి? అక్షరం మీద నిలబడాలి. నిలబడితే అచ్చు సాగుతుంది. వినండి: "మా... సా... కా..." ఏమైంది? నవ్వొచ్చింది కదా? మసక పోయింది! తెలుగులో హ్రస్వాన్ని దీర్ఘం చేస్తే ఆ మాట నెమ్మదించదు, మాటే మారిపోతుంది. ఇంగ్లీషు పాటకి చేసినట్టు దీనికి చేస్తానంటే భాష ఒప్పుకోదు.

అయితే మేము ఆ పాటని నెమ్మదిగానే చేశాం. ఎలా చేశామంటే, టెంపో సగానికి తగ్గించాం, అక్షరాన్ని మాత్రం సాగదీయలేదు. "మసక" అని పొట్టిగా అని ఆపేస్తాను. ఖాళీ. ఆ ఖాళీలో డబుల్ బేస్ రెండు అడుగులు వేస్తుంది. మళ్ళీ "మసక". మళ్ళీ ఖాళీ. చీకట్లో ఎవరో నడుస్తున్నారు, ఆగుతున్నారు, నడుస్తున్నారు. "చీకటిలో" దగ్గర చీ ఉంది, లో ఉంది, రెండూ గురువులు, అక్కడ కావలసినంత నిలబడొచ్చు. చూశారా? పాట రాసినాయన, కట్టినాయన ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో పాటలోనే పెట్టి వెళ్ళారు. కొత్తగా చేయడమంటే దాన్ని వినడం.

స్లో అంటే నాకు పడదని అనుకోకండి. "లే లే లే నా రాజా" ఉందే, "ప్రేమనగర్", 1971, మహదేవన్‌గారిది. అది హాయిగా నెమ్మదిస్తుంది. ఎందుకు? లే అనేదే దీర్ఘం. ఎంతసేపైనా పట్టుకోవచ్చు. సినిమాలో అది హుషారైన పాట. మేము దాన్ని తెల్లవారుజామున నాలుగింటి పాట చేశాం. తాగి పడిపోయిన మొగుణ్ణి ఒకావిడ లేపుతోంది. మొదటి "లే" ముద్దుగా, రెండో "లే" విసుగ్గా, మూడో "లే" దగ్గర... అది చెప్పను, వచ్చి వినండి. ఒక్క మాట మార్చలేదు. ఎవరు ఎవరితో అంటున్నారో అది మారింది. ఇక్కడ కూడా ఆవిడ ఏడవదు, అది మాత్రం గమనించండి. విసుక్కుంటుంది. ఆవిడకి పొద్దున్నే పంపు దగ్గరికి వెళ్ళాలి!

ఇంకో ఇబ్బంది ఉంది. ఈశ్వరిగారి పాటని కాగితం మీద రాస్తే సగమే వస్తుంది. స్వరం రాస్తాం, తాళం రాస్తాం. మరి ఆ నవ్వు? ఆ మూలుగు? పదం చివర గొంతు ఒక్కసారి వదిలేయడం? మా పియానో అబ్బాయి బాగా చదువుకున్నవాడు, స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) తప్ప ఇంకొకటి నమ్మడు. "అక్కా, ఈ 'హా' ఏ స్వరం?" అంటాడు. ఏం చెప్పను? అది స్వరం కాదు నాయనా, ఊపిరి. చివరికి కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాం. లోపలికి పీల్చే ఊపిరికి ఒక గుర్తు, బయటికి వదిలేదానికి ఒకటి, నవ్వు ముక్కులోంచి వస్తే ఒకటి, గొంతులోంచి వస్తే ఇంకొకటి. పల్లవి మొదటిసారి వచ్చినప్పుడున్న ఊపిరి రెండోసారి వచ్చినప్పుడు ఉండదు, ఎక్కడో మారుస్తుంది ఆవిడ. కాగితం చూస్తే ఇప్పుడు స్వరాల కంటే ఎర్రగీతలు ఎక్కువున్నాయి.

తమిళంలో "శివంద మణ్"లో, 1969, విశ్వనాథన్‌గారి సంగీతంలో ఒక పాట ఉంది, "పట్టత్తు రాణి". కొరడా దెబ్బ పడుతూ ఉంటుంది, అమ్మాయి పాడుతూ ఉంటుంది. దెబ్బ పడిన ప్రతిచోటా గొంతులోంచి ఒక అరుపు. అరుపు అయిన వెంటనే మళ్ళీ చరణం అందుకోవాలి, శ్రుతిలో. ఒకసారి ఇంటికెళ్ళి ప్రయత్నించండి. గట్టిగా అరిచి, మరుక్షణం సన్నగా శ్రుతిలో పాడండి. గొంతు పట్టేస్తుంది. పైగా ఆ రోజుల్లో ఇప్పటిలా ముక్కలు ముక్కలుగా పాడి అతికించడం లేదు. గాయకులు, ఆర్కెస్ట్రా ఒకే హాల్లో, ఒకేసారి. వయొలిన్లు, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి బాకాలు), బాంగోలు అన్నీ వాయిస్తుండగా ఈవిడ అరవాలి, పాడాలి. ఎక్కడో చివర ఒక ట్రంపెట్ తప్పు పలికితే మొత్తం మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అరవాలి. ఇది క్లబ్ పాట అని తీసిపారేసేవాళ్ళు ఆ మైకు ముందు ఒక్క పూట నిలబడాలి.

"తీస్కో కోకకోలా" కూడా పెట్టాం. "రౌడీలకు రౌడీలు", 1971, సత్యంగారు. ఇందులో మేము మార్చింది పెద్దగా ఏమీ లేదు, బాంగో అబ్బాయిని వదిలేశాం, అంతే. కబుర్లలో మాత్రం ఒక ముక్క చెప్తాను. పాట వచ్చిన ఆరేళ్ళకి, 1977లో, కోకకోలా కంపెనీ దేశం వదిలి వెళ్ళిపోయింది. 1993లో గానీ తిరిగి రాలేదు. ఆ మధ్యకాలంలో పెళ్ళి బ్యాండ్ల వాళ్ళు ఈ పాట వాయిస్తుంటే ఎగిరిన పిల్లలకి ఆ డ్రింకు రుచే తెలియదు. పాట మాత్రం ఎక్కడికీ పోలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది "ఏమిటీ లోకం పలుగాకుల లోకం". 1976, "అంతులేని కథ", విశ్వనాథన్‌గారు, ఆత్రేయగారు. ఇందాక పారిస్ గురించి, బెర్లిన్ గురించి చెప్పానా? ఆ పాట వాళ్ళకి వినిపిస్తే "ఇది మాదే" అంటారు. లోకాన్ని పట్టుకుని మొహాన కడిగేయడం, అదీ నవ్వుతూ. దీన్ని మేము ముట్టుకోలేదు. స్పీడు తగ్గించలేదు, పెంచలేదు. టేబుళ్ళ మధ్య తిరుగుతూ, ఒక్కొక్క వాక్యం ఒక్కొక్కరి కళ్ళలోకి చూసి పాడతాను. ముందు వరస టిక్కెట్టు కొనేవాళ్ళు ఆలోచించి కొనండి. కొన్ని పాటలకి చేయవలసిన మార్పు, పాడేవాళ్ళు ఎక్కడ నిలబడతారన్నదే.

ఇక్కడ ఎవరో అడగాలి, ఇంకా అడగలేదు. "మరి అమ్మవారి పాటలు?" అని. అవును. ఇదే గొంతు. తమిళుల ఆడి మాసం వస్తే మన చెన్నైలో ఏ సందులోకి వెళ్ళినా మారియమ్మ గుడి దగ్గర స్పీకర్లో ఈవిడే. "చెల్లాత్తా" అని ఎత్తుకోగానే కూళ్ (అంబలి) గిన్నెల దగ్గర నిలబడ్డవాళ్ళు చేతులు జోడిస్తారు. పుట్టింది క్రైస్తవ కుటుంబంలో, పాడింది క్లబ్బులో, ఊరంతా మొక్కేది ఆవిడ పాటతో. ఇంత మంచి మలుపు దొరికితే ఏ డైరెక్టరైనా ఏం చేస్తాడు? షో చివర్లో లైట్లు పసుపు చేసి, నా నుదుట పెద్ద బొట్టు పెట్టి, అమ్మవారి పాటతో ముగిస్తాడు. జనం లేచి నిలబడతారు. మాకూ ఆ సలహా వచ్చింది.

మేము వద్దనుకున్నాం. ఎందుకంటే అలా పెట్టగానే ముందు పాడినవన్నీ పాపం అయిపోతాయి, ఇది ప్రాయశ్చిత్తం అయిపోతుంది. ఆవిడ జీవితం అలా నడవలేదు కదండీ. భక్తి పాటలు పాడిన మనిషే, 70 దాటాక, 2011లో "ఒస్తి" సినిమాలో తమన్ సంగీతానికి "కలాసలా" అని అదే అల్లరితో పాడారు. ఒకదాని తరువాత ఒకటి మారలేదు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ గొంతులో ఉన్న బలం ఒకటే. గుడి స్పీకర్ వందమంది గోలలోంచి వినపడాలి, క్లబ్ పాట బ్రాస్ సెక్షన్‌లోంచి వినపడాలి. నేను పాడేటప్పుడు నాకు తెలుస్తోంది, రెండిటికీ కడుపులో పట్టుకోవలసిన చోటు ఒక్కటే.

అక్కయ్యగారు చెయ్యెత్తారు. చెప్పండి. హక్కుల సంగతా? మంచి ప్రశ్న. పాట మనకి ఎంత ఇష్టమైనా అది మనది కాదు. టిక్కెట్టు పెట్టి స్టేజీ మీద పాడాలంటే రచయిత, స్వరకర్తల తరఫున లైసెన్స్ తీసుకోవాలి. దానికి ఐపీఆర్ఎస్ అని సంస్థ ఉంది, వాళ్ళకి పాటల జాబితా ఇచ్చి, రుసుము కట్టాలి. రికార్డు చేసి విడుదల చేస్తే అది వేరే లెక్క, వేరే అనుమతులు. మేము రికార్డు చేయడం లేదు, అంచేత అంత దూరం వెళ్ళలేదు.

ఇంకెవరు? ఆ, వెనకనుంచి. డ్రెస్సా? అడుగుతారని తెలుసు! ఈకలు, చెమ్కీలు, చేతికి నల్ల గ్లౌజులు ఉంటాయా అని కదా? మౌంట్ రోడ్డులో సఫైర్ థియేటర్ ఉండేది, ఇప్పుడు లేదు. ఈశ్వరిగారు, బాలుగారు పాడిన "భలే భలే మగాడివోయ్" ఉన్న "మరో చరిత్ర" అందులోనే, డబ్బింగ్ లేకుండా అచ్చ తెలుగు సినిమాగా, 500 రోజులు దాటి ఆడింది. అదే భవనం కింద, బేస్‌మెంట్‌లో "నైన్ జెమ్స్" అని ఒక చిన్న నైట్‌క్లబ్ ఉండేది. 1969లో అక్కడ ఒక అమ్మాయి పాడటం మొదలుపెట్టింది. కంచిపట్టు చీర, పెద్ద బొట్టు, చేతినిండా గాజులు. ఉషా ఉతుప్. ఈ ఊళ్ళో నైట్‌క్లబ్ గాయని ఎలా ఉండాలో ఆవిడ అప్పుడే తేల్చేశారు. కాబట్టి నాది చీరే. రంగు ఇంకా ఖాయం కాలేదు. లైట్ల అబ్బాయి ఆకుపచ్చ వద్దంటున్నాడు, మా అమ్మ ఆకుపచ్చే అంటోంది.